మా కొండ మీద చెరువు కడతారట, గ్రామసభలో ఏం అడగాలి?

గెడ్డఒడ్డు (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరి వైపు ఒక కొండ ఊరు. పంచాయతీ పేరు రాయడం లేదు. కొండదొరల అమ్మాయిని, ఊళ్ళో పిల్లలకి చదువు చెబుతుంటాను.

రెండు నెలల క్రితం ఒక జీపు వచ్చింది. నలుగురు దిగి మూడు కాళ్ళ స్టాండు పెట్టి చూసుకున్నారు, రాళ్ళ మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. దాహం అంటే మా అమ్మే నీళ్ళిచ్చింది. ఏం పనయ్యా అని అడిగితే ఒకతను నవ్వుతూ, "ఇక్కడ ఒక చెరువు, కింద లోయలో ఇంకో చెరువు వస్తాయమ్మా, మధ్యలో కరెంటు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అంతే. ఆ తర్వాత కాగితం లేదు, మనిషి లేడు.

ఇప్పుడు వచ్చే గురువారం గ్రామసభ అంటున్నారు. నోటీసులో రాసింది ఇదీ: "అభివృద్ధి పనులు, ఇతరములు". మా కొండ ఆ "ఇతరములు"లో ఉందని నా అనుమానం.

మా పై గూడెంలో ఉండేది కొందు తెగ వాళ్ళు. మాట్లాడేది కువి భాష, తెలుగు అంతంత మాత్రం. వాళ్ళ రాజ్‌మా, కాఫీ, మిరియాలు అన్నీ ఆ ఎర్ర గుర్తుల లోపలే ఉన్నాయి. సోలార్ వద్దు, గాలి కరెంటు వద్దు అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. మా బడి కప్పు మీద కూడా రెండు ప్యానెళ్ళున్నాయి (బ్యాటరీ పోయి మూడేళ్ళయింది, అది వేరే కథ). సభలో ఏం అడగాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో చెప్పండి.

---

రిటైర్డ్_ఏడీఈ (శనివారం, రాత్రి 10:05)

అమ్మా, ముందు అదేమిటో చెప్తాను. దాన్ని పంప్డ్ స్టోరేజ్ అంటారు. కొండ పైన ఒక జలాశయం, కింద ఒకటి, మధ్యలో సొరంగం, పవర్ హౌస్. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతున్నప్పుడు దానితో కింది నీళ్ళు పైకి తోడతారు. సాయంత్రం ఆరు దాటాక ఊళ్ళన్నీ లైట్లు, ఏసీలు వేసుకుంటాయి కదా, అప్పుడు పై నీళ్ళు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. తోడే మోటారే తిరగబడి జనరేటర్ అవుతుంది. పైకి తోడటానికి నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే తిరిగి వచ్చేది దాదాపు మూడు. అంటే ఇది కరెంటు పుట్టించేది కాదు, దాచిపెట్టే గాదె.

ఈ గాదె అవసరం నిజమే. 2030కి దేశంలో బొగ్గు, గ్యాస్ కాని విద్యుత్ 500 గిగావాట్లు అని లక్ష్యం పెట్టుకున్నాం. ఎండ మధ్యాహ్నం కాస్తుంది, టీవీ రాత్రి చూస్తాం. మధ్యలో ఏదో ఒక గాదె ఉండాలి.

దీనికి ఎత్తు కావాలి, లోయ కావాలి. అవి రెండూ దండిగా ఉన్నది తూర్పు కనుమల్లో. అందుకే 2022లో పెదకోట, సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస లాంటివి ఒక ప్రైవేటు సంస్థకి కేటాయించారు. ఎర్రవరం పేరూ ఆ కాలం నుంచే వినిపిస్తోంది. మ్యాపులో కాంటూర్ గీతలు, అంటే ఎత్తుని చూపే గీతలు, చూసి స్థలం ఎంచుతారు. ఆ గీతల మధ్య మనుషులుంటారని మ్యాపులో రాసి ఉండదు. ముప్పై నాలుగేళ్ళు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి చెబుతున్న మాట ఇది.

---

వైజాగ్_వోల్టేజ్ (శనివారం, రాత్రి 10:31)

ఏడీఈ గారు సగం చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. బొగ్గు వద్దంటాం, అణు కరెంటు వద్దంటాం, ఇప్పుడు నీళ్ళు కూడా వద్దు. మరి కరెంటు ఆకాశం నుంచి ఊడిపడుతుందా? ఎండాకాలం అరగంట కోత పెడితే మన ఫోరంలోనే బూతులు తిడతారు. వంద కుటుంబాల కోసం కోట్ల మందిని చీకట్లో పెట్టాలా? మంచి ప్యాకేజీ ఇచ్చి తరలించాలి, అంతే. ఎన్జీవోలు రెచ్చగొట్టకపోతే గిరిజనులు ఒప్పుకుంటారు.

---

కాంటూర్_41.15 (శనివారం, రాత్రి 11:02)

వోల్టేజ్ అన్నా, "మంచి ప్యాకేజీ" అన్నావు కదా. నా యూజర్ నేమ్ చూడు. అది పోలవరం మొదటి దశ నీటిమట్టం, మీటర్లలో. రెండో దశ 45.72. మా బతుకులు ఈ రెండు అంకెల మధ్య ఇరుక్కున్నాయి.

మాది విలీన మండలాల్లో ఒక ఊరు. 2014లో ఏడు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రకి మారాయి, మమ్మల్ని అడిగింది లేదు. లక్ష పైచిలుకు కుటుంబాలు కదలాలి, వాటిలో కోయలు, కొండరెడ్లు ఎంతమందో లెక్కేసుకో. 2022 జూలై వరదకి చింతూరు, కూనవరం, వీఆర్ పురం అన్నీ మునిగాయి. మేం గుట్టెక్కి టార్పాలిన్ల కింద పడుకున్నాం. అప్పటికి మా ఊరికి ప్యాకేజీ డబ్బు రాలేదు. 41.15 లోపల ఉన్నోడికి ముందు, పైనున్నోడికి తర్వాత అన్నారు. వరదకి కాంటూర్ తెలుసా?

పోలవరం సాగునీటి ప్రాజెక్టే, కాదనను. అందులో 960 మెగావాట్ల కరెంటూ ఉంది. అది "క్లీన్ ఎనర్జీ" లెక్కలోకే వస్తుంది.

గెడ్డఒడ్డు అక్కా, మొదట అడగాల్సింది ఒకటే. "ఎన్ని ఎకరాలు, ఎవరివి, సర్వే నంబర్లతో సహా లిస్టు ఎక్కడ?" లిస్టు చూపించకుండా చప్పట్లు కొట్టించే సభ అయితే లేచి వచ్చెయ్యండి.

---

నల్లకోటు (ఆదివారం, ఉదయం 7:40)

విశాఖలో ప్రాక్టీసు చేస్తున్నా. ఆదివారం కాఫీతో రాస్తున్నా కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

మీది రాజ్యాంగం అయిదో షెడ్యూల్ ప్రాంతం, అంటే గిరిజనులకి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అక్కడి పంచాయతీలకి వర్తించే పీసా చట్టం, 1996 చెప్పేదేమిటంటే, అభివృద్ధి ప్రాజెక్టుల కోసం భూమి తీసుకునే ముందు, జనాన్ని తరలించే ముందు గ్రామసభతో గానీ తగిన స్థాయి పంచాయతీతో గానీ సంప్రదించాలి. "సంప్రదించాలి" అనే మాటని చాలా మంది "చెప్పేసి రావాలి" అని చదువుతారు. అందుకే 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. షెడ్యూల్ ప్రాంతాల్లో సాధ్యమైనంత వరకు భూసేకరణే వద్దంటుంది. తప్పదు, ఇదే ఆఖరి మార్గం అని చూపించగలిగితేనే తీసుకోవాలి. అప్పుడు కూడా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సమ్మతి ఉండాలి. అక్కడ వాడిన మాట సంప్రదింపు కాదు, సమ్మతి.

అడవి ఉంటే ఇంకో తాళం ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006. పోడు భూముల పట్టాలు, సామూహిక హక్కులు తేల్చకుండా అడవిని మళ్ళించకూడదు. 2009లో కేంద్ర పర్యావరణ శాఖ సర్క్యులర్ ఇచ్చింది: గ్రామసభ సమ్మతి కాగితం జతచేస్తేనే ఫైలు కదులుతుంది. 2022లో వచ్చిన కొత్త నిబంధనలు ఈ వరుసని మార్చాయి. కేంద్రం అనుమతి ముందు, హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది అన్నాయి. జాతీయ ఎస్టీ కమిషన్ అభ్యంతరం చెప్పింది. పెళ్ళి చేసేసి పిల్లని "ఇష్టమేనా" అని అడిగినట్టుంది ఇది.

అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ అంటే మొత్తం పంచాయతీ కాదు, మీ గూడెం. కోరం, అంటే సభ చెల్లడానికి కావాల్సిన హాజరు, సగం మంది. వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. పై గూడెం వాళ్ళు విడిగా సభ పెట్టమని అడగొచ్చు, అడగాలి.

1/70, అంటే 1970 నాటి భూబదిలీ చట్టం సంగతి మీకు తెలుసు, షెడ్యూల్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. మీ అనంతగిరి మండలమే నిమ్మలపాడు కేసు పుట్టినిల్లు. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు, అందుకే సమత తీర్పు అంటారు, 1997. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక "వ్యక్తి", కాబట్టి అది కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకివ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడొచ్చింది గని కాదు, జలాశయం. ఆ తర్కం దీనికీ వర్తిస్తుందని నేను వాదిస్తాను, అవతలి లాయరు వర్తించదంటాడు. ఖాయంగా గెలుస్తామని మీకు మాటివ్వను. క్లయింట్లకి కూడా ఇవ్వను.

వోల్టేజ్ గారికి: "ఒప్పుకుంటారు" అంటున్నారు కదా, అడగండి మరి. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ గని గురించి 2013లో సుప్రీంకోర్టు అడగమంది. పన్నెండు ఊళ్ళలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి.

---

గెడ్డఒడ్డు (ఆదివారం, ఉదయం 8:15)

లాయరు గారూ, నియమగిరి వాళ్ళు మాట్లాడేదీ కువి భాషే. మా పై గూడెం ముసలమ్మ ఒకామె బంధువులు అటువైపే ఉన్నారు. ఈ మాట ఆమెకి చెప్తాను.

ఒక సందేహం. నోటీసు మొత్తం పంచాయతీకి ఇచ్చారు. పంచాయతీలో పద్నాలుగు గూడేలున్నాయి. మునిగేవి మూడు. మిగతా పదకొండు వాళ్ళకి రోడ్డు వస్తుందన్న ఆశ ఉంది. గర్భిణిని డోలీలో మోసిన వాడికి రోడ్డంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ళు చేతులెత్తితే మేం మునిగినట్టేనా?

---

నల్లకోటు (ఆదివారం, ఉదయం 8:32)

అందుకే గూడెం వారీ సభ అడగమన్నా. రోడ్డుకీ జలాశయానికీ ముడిపెట్టొద్దని కూడా సభలో నోరు విప్పి చెప్పండి. రోడ్డు మీకు రావాల్సిన హక్కు. కొండ ఇస్తేనే రోడ్డు అనడానికి అది ప్రతిఫలం కాదు.

---

ట్రోండ్‌హైమ్_తెలుగోడు (ఆదివారం, మధ్యాహ్నం 1:20)

నేను నార్వేలో, ట్రోండ్‌హైమ్‌లో ఉంటాను. మా ఊరి నుంచి సముద్రపు పాయ దాటితే ఫోసెన్. అక్కడి కథ మీ కథే, చలి ఎక్కువ అంతే.

సామీ అనే ఆదివాసులు తరతరాలుగా రెయిన్‌డీర్లని కాచుకుంటారు. చలికాలం మేత దొరికే కొండల మీద, స్టోర్‌హెయా, రోవాన్ అనే రెండు చోట్ల, 151 గాలిమరలు పెట్టారు. సామీలు మొదటి నుంచీ వద్దంటూనే ఉన్నారు. కేసు నడుస్తుండగానే మరలు లేచాయి. 2021 అక్టోబర్ 11న నార్వే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: లైసెన్సులు చెల్లవు, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 27వ అధికరణం కింద సామీల సంస్కృతి హక్కుని ఉల్లంఘించారు. గాలి కరెంటు పర్యావరణానికి మంచిదే, కానీ ఆ మంచి కోసం వేరే చోట్లు కూడా ఉన్నాయి కదా అన్నది కోర్టు మాట సారం.

ఇక్కడే అసలు విషయం. తీర్పు వచ్చిన తర్వాత కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి. అయిదు వందల రోజులు గడిచినా ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో సామీ కుర్రాళ్ళు ఓస్లోలో మంత్రిత్వ శాఖ ఆఫీసులోనే బైఠాయించారు. గ్రేటా థన్‌బర్గ్ కూడా వచ్చి కూర్చుంది. వాతావరణం కోసం పోరాడే పిల్ల గాలిమరలకి వ్యతిరేకంగా ఎందుకు కూర్చుందని ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు గొడవ పడ్డాం. చివరికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబర్లో, 2024 మార్చిలో రెండు మందల వాళ్ళతో రాజీ కుదిరింది, పరిహారం, వేరే మేత భూమి. మరలు మాత్రం తీయలేదు.

నా అభిప్రాయం: కట్టిన తర్వాత గెలిచినా సగమే గెలుపు. నార్వే లాంటి చోటే అలా అయింది. కట్టక ముందే అడ్డుకోండి, లేదా కట్టక ముందే బేరం తేల్చుకోండి.

---

వైజాగ్_వోల్టేజ్ (ఆదివారం, సాయంత్రం 4:10)

సరే, నార్వేలో యాభై లక్షల మందికి అడ్డగోలుగా నీళ్ళు, చమురు ఉన్నాయి. వాళ్ళు వేరే చోటు వెతుక్కోగలరు. మన దగ్గర వేరే చోటు ఏది? ఎవరైనా చెప్పండి. ఊరికే వద్దంటే సరిపోదు.

---

రిటైర్డ్_ఏడీఈ (ఆదివారం, సాయంత్రం 5:45)

మంచి ప్రశ్న, జవాబిస్తాను. ఉమ్మడి కర్నూలు జిల్లాలో పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టారు, అది షెడ్యూల్ ప్రాంతం కాదు. శ్రీశైలం ఎడమగట్టులో ఆరు 150 మెగావాట్ల రివర్సిబుల్ (నీళ్ళు పైకి కూడా తోడగల) యూనిట్లు ఎప్పుడో పెట్టారు, మొత్తం 900. నాగార్జునసాగర్‌లోనూ రివర్సిబుల్ యూనిట్లున్నాయి. వాటిని తోడటానికి పూర్తిగా వాడుకున్నామా అన్నది ముందు అడగాలి. బ్యాటరీల ధరలు కూడా నా ఉద్యోగం రోజుల్లో ఊహించనంత పడిపోయాయి. రెండు మూడు గంటల నిల్వకి బ్యాటరీ సరిపోతుంది, దానికి కొండ అక్కర్లేదు. ఆరు, ఎనిమిది గంటల నిల్వకి ఇప్పటికీ నీళ్ళే మేలని నేను నమ్ముతాను. కాబట్టి అన్నీ వద్దు అనను. ఎక్కడ, ఎవరిని అడిగి అన్నదే నా మాట.

ఇంకోటి, ఇది కొంచెం సొంత విషయం. నా మొదటి పోస్టింగు సీలేరు. దిగువ సీలేరు 460 మెగావాట్లు. అక్కడికొచ్చే నీళ్ళలో పెద్ద భాగం బలిమెల జలాశయానివి, ఒడిశా, మనం సగం సగం. ఆ జలాశయం నిండినప్పుడు మల్కన్‌గిరి జిల్లాలో 151 ఊళ్ళు మూడు వైపులా నీళ్ళతో తెగిపోయాయి. వాటి పేరే "కటాఫ్ ఏరియా" అయిపోయింది. పడవ ఉంటే బయటికి, లేకపోతే లేదు. అక్కడికి వంతెన ఎప్పుడొచ్చిందో తెలుసా? గురుప్రియ వంతెన, 910 మీటర్లు, 2018 జూలైలో. నేను రిటైరైన తర్వాత.

ఆ రోజుల్లో నైట్ షిఫ్టులో కంట్రోల్ రూం బయట నిలబడితే ఎదురు కొండల మీద ఒక్క దీపం కనపడేది కాదు. మా యూనిట్లు మాత్రం రాత్రంతా మోగేవి. అప్పట్లో దాని గురించి నేనేమీ ఆలోచించలేదు. భోజనం వేళయిందా అనే చూసుకునేవాణ్ణి.

---

ముంపు_మనవడు (ఆదివారం, రాత్రి 8:20)

శ్రీశైలం పేరు వచ్చింది కాబట్టి. మా తాత ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. వేసవిలో నీళ్ళు తగ్గితే గుడి గోడలు బయటపడతాయి, వెళ్ళి చూసొస్తాం. 1986లో జీవో 98 అని వచ్చింది, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని. మా నాన్న ఆ ఉద్యోగం కోసం తిరిగి తిరిగి వయసు దాటించుకున్నాడు. ఇప్పుడు నేను తిరుగుతున్నాను. తాత భూమి, నాన్న అర్జీ, నా జిరాక్సులు.

అక్కా, ఉద్యోగం అని నోటితో చెప్తే నమ్మకండి. ఎన్ని శాశ్వత ఉద్యోగాలు, ఏ చదువుకి, ఏ తేదీ లోపల, ఇవ్వకపోతే ఏమిటి అని రాయించుకోండి. ఇలాంటి ప్లాంట్లలో కట్టేటప్పుడు వేల మంది కూలీలుంటారు, కట్టాక పదుల్లోనే మిగులుతారు. ఏడీఈ గారు తప్పయితే సరిచేయండి.

---

రిటైర్డ్_ఏడీఈ (ఆదివారం, రాత్రి 8:41)

తప్పు లేదు బాబూ. ఆపరేషన్ అంతా కంప్యూటర్ల మీదే. కాపలా, తోటపని, క్యాంటీన్ కలిపినా చాలా తక్కువ.

---

బొగ్గుబాయి (సోమవారం, ఉదయం 6:05)

కొత్తగూడెం నుంచి. మా నాయన సింగరేణిల ఇరవై ఎనిమిదేండ్లు చేసిండు, నేను కాంట్రాక్టు కింద చేస్తున్న. ఈ మధ్య మీటింగుల్లో "జస్ట్ ట్రాన్సిషన్" అనే మాట బాగా ఇంటున్న. బొగ్గు బందు చేసేటప్పుడు కార్మికులకి న్యాయం చెయ్యాలె అని దాని అర్థమట. మంచిదే. కానీ ఆ న్యాయం పర్మినెంటోళ్ళ దాకా వచ్చి ఆగుతది. కాంట్రాక్టోడి పేరు ఏ రిజిస్టర్లా ఉండది.

ఇంకా ముందు సంగతి ఏందంటే, మణుగూరు, ఇల్లందు దిక్కు ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) కింద పోయినయి కోయగూడేలే. బొగ్గుకి వాళ్ళే ముందు పోయిండ్రు. ఇప్పుడు బొగ్గు బదులు వచ్చే కరెంటుకి మళ్ళీ మీ కొండలు పోతున్నయి. దొర మారిండు గానీ గడీ అదే ఉన్నదన్నట్టు. నేను కరెంటుకి ఎదురు కాదు, నా తిండి దాని మీదనే. అయినా ఒక దిక్కు నుంచే అన్నీ తీసుకుంటే ఎట్ల?

---

గ్రాండ్‌రివర్ (సోమవారం, ఉదయం 9:50)

కెనడా నుంచి ఒక చిన్న మాట. అన్నిచోట్లా కథ వద్దు అనడంతోనే ముగియదు. ఇక్కడ ఒంటారియో ఉత్తరాన వటేనికనేయాప్ అనే కరెంటు లైన్ ఉంది, సుమారు 1800 కిలోమీటర్లు. అందులో 51 శాతం వాటా 24 ఆదివాసీ సమాజాలది. అంతకు ముందు ఆ ఊళ్ళలో చాలా వరకు డీజిల్ జనరేటర్ల మీద బతికేవి. లైన్ ఎటు పోవాలన్న చర్చలో వాళ్ళు యజమానులుగా కూర్చున్నారు. మన దగ్గర "వాటా" అంటే సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కింద వాటర్ ట్యాంకు కట్టి దాని మీద కంపెనీ పేరు రాసుకోవడం.

---

నల్లకోటు (సోమవారం, ఉదయం 10:30)

వాటా మాట వచ్చింది కాబట్టి, సమత తీర్పులోనే ఒక లైను ఉంది. గని తవ్వేవాళ్ళు నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని. బడి, ఆసుపత్రి, నీళ్ళు, రోడ్ల కోసం. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి.

అంతర్జాతీయం అడిగితే: ఆదివాసీల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ప్రకటన 2007లో వచ్చింది, భారత్ అనుకూలంగా ఓటేసింది. ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి అనే మాట అందులోదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ పాత ఒప్పందం 107ని 1958లో ఆమోదించాం, కొత్తది 169ని ఇంతవరకూ ఆమోదించలేదు. సభలో ఇవన్నీ చెప్పక్కర్లేదమ్మా, తహసీల్దారుకి నిద్ర వస్తుంది. 41వ సెక్షను, గూడెం సభ, కువి అనువాదం, ఈ మూడూ పట్టుకోండి.

---

వైజాగ్_వోల్టేజ్ (సోమవారం, మధ్యాహ్నం 12:15)

అందరూ నా మీద పడ్డారు, పర్లేదు. నేను కూడా ఒక ప్రశ్న ఇస్తున్నా, సభలో అడగండి. "ఇక్కడ దాచిన కరెంటు ఎవరికి అమ్ముతారు?" వేరే రాష్ట్రానికి అమ్ముకునే ప్రాజెక్టయితే నా వాదనలో కోట్ల మంది ఆంధ్రులు చీకట్లో అన్నది కొంచెం తేలిపోతుంది, ఒప్పుకుంటా. ఎన్జీవోల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

---

నిర్వాహకుడు (సోమవారం, మధ్యాహ్నం 12:40)

రెండు వ్యాఖ్యలు తొలగించాను. కులం పేరుతో వెటకారం ఇక్కడ చెల్లదు. ఊరి పేరు కనిపెట్టడానికి ప్రయత్నించిన సభ్యుడికి వారం రోజుల నిషేధం.

---

గెడ్డఒడ్డు (గురువారం, రాత్రి 10:50)

సభ అయింది. పొద్దున పదింటికన్నారు, సాయంత్రం మూడింటికి మొదలైంది. అప్పటికి పై గూడెం ఆడవాళ్ళు కట్టెలకి దిగిపోవాల్సిన వేళ. అయినా పోలేదు, కూర్చున్నారు.

ఒక పెద్ద మ్యాపు గోడకి అంటించారు. పేర్లన్నీ ఇంగ్లీషులో. మా గూడెం ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఖాళీ ఆకుపచ్చ. నేను స్కెచ్ పెన్ తీసుకుని మూడు గూడేలకీ మూడు చుక్కలు పెట్టి తెలుగులో పేర్లు రాశాను. ఒకాయనకి కోపం వచ్చింది, "మ్యాపు పాడుచేయకండి" అన్నాడు. కాంటూర్ తమ్ముడు చెప్పినట్టు సర్వే నంబర్ల లిస్టు అడిగాను. తర్వాత పంపిస్తామన్నారు. కరెంటు ఎవరికి అమ్ముతారని అడిగాను (వోల్టేజ్ గారూ, మీ ప్రశ్నకే అందరూ గోల చేశారు). అది పై స్థాయి నిర్ణయం అన్నారు.

అప్పుడు పై గూడెం ముసలమ్మ లేచింది. కువిలో అడిగింది, నేను తెలుగు చేశాను. "మా ఇంటి వెనక ఊట ఉంది. ఎండాకాలంలో కూడా ఎండదు. మీరు కొండ కడుపులో సొరంగం తవ్వితే ఆ నీళ్ళు ఎటు పోతాయి?" చాలా సేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "నోట్ చేసుకున్నాం" అన్నారు.

కోరం చూశాం. గూడెం వారీగా లెక్కపెడితే మూడింట్లో రెండు గూడేలకి సగం మంది రాలేదు. కాబట్టి తీర్మానం వద్దని అందరం అన్నాం. వాయిదా వేశారు. కానీ మినిట్స్ పుస్తకంలో "గ్రామస్థులు సహకరించారు" అని రాశారు. అది కొట్టేయించి "ప్రశ్నలు అడిగారు, జవాబులు రాలేదు" అని రాయించాం. దానికి గంటన్నర పట్టింది. ఫోటో తీసుకున్నాను, లాయరు గారికి మెసేజ్‌లో పంపాను.

రోడ్డు ఆశ ఉన్న గూడేల వాళ్ళు కొందరు తిరిగి వస్తూ నాతో మాట్లాడలేదు. మా మేనమామ కూడా.

ఏడీఈ సార్, ఊటల సంగతి ప్రాజెక్టు రిపోర్టులో ఎక్కడ రాస్తారు? నోట్ చేసుకున్నాం అన్నది ఏ పేజీలో వెతకాలి?

---

రిటైర్డ్_ఏడీఈ (గురువారం, రాత్రి 11:30)

ఊటల పేరుతో పేజీ దొరకడం కష్టమమ్మా. జియాలజీ అధ్యాయంలో డ్రిల్లింగు చేసిన బోర్ల వివరాలు, అందులో నీటి మట్టం ఉంటాయి. అదీ వాళ్ళు తవ్విన చోట మాత్రమే. సొరంగం తవ్వాక ఊట ఎండితే, "ముందు నుంచీ అంతే పారేది" అంటారు. కాదని చెప్పడానికి మీ దగ్గర లెక్క ఉండాలి.

కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ, ఒకే బిందె. నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో, తేదీ, వాన పడిందా లేదా, ఎవరు కొలిచారు. నోట్‌బుక్కులో పెన్నుతో, కొట్టివేతలు లేకుండా. నెలకోసారి పంచాయతీలో కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంజనీర్లకి కన్నీళ్ళు అర్థం కావు, సెకన్లు అర్థమవుతాయి. నేనూ ఇంజనీరునే.

---

గెడ్డఒడ్డు (శనివారం, ఉదయం 7:35)

పిల్లల్ని తీసుకెళ్ళాను, లెక్కల క్లాసు కూడా అయిపోయింది.

పై ఊట: 48 సెకన్లు. ముసలమ్మ ఇంటి వెనకది: 31 సెకన్లు. గెడ్డ పక్కది: 1 నిమిషం 10 సెకన్లు, ఆకులు అడ్డం పడ్డాయి, తీసి మళ్ళీ కొలిస్తే 54. వాన లేదు. కొలిచింది నాలుగో తరగతి.